ఐదు వాట్లతో ఎఫ్‌టీ8 మొదలుపెట్టే ముందు

బిడ్డా సంధ్యా,

నీ పేరున వీయూ3తో మొదలయ్యే హ్యామ్ రేడియో కాల్‌సైన్ (గాలిల నిన్ను గుర్తుపట్టే పేరు) వచ్చిందని, ఐదు వాట్ల చిన్న రేడియోతో దాబా మీద ఎఫ్‌టీ8 (ల్యాప్‌టాప్ చిన్న సందేశాలను స్వరాలుగ మార్చి రేడియోల పంపే పద్ధతి) చేస్తవని మీ అమ్మ చెప్పింది. మస్తు సంబురమైంది. ఒక భయం కూడా పట్టుకుంది, అది చివరికి చెప్త.

రేడియోను అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే మోడ్‌ల పెట్టు. 40 మీటర్ల బ్యాండ్‌ల 7.074, 20 మీటర్ల బ్యాండ్‌ల 14.074 మెగాహెర్ట్జ్. గొంతు బలం పెంచే స్పీచ్ ప్రాసెసర్ ఆపెయ్. ల్యాప్‌టాప్‌ల నోటిఫికేషన్ల చప్పుడు బంద్ చెయ్, లేకుంటే అది కూడా గాలిలకు పోతది. ఖిల్లా వరంగల్‌ల ఉన్నప్పుడు నీ గ్రిడ్, అంటే నువ్వున్న జాగను చెప్పే గుర్తు, ఎంకే97. రేడియో పట్టుకొని వేయిస్తంభాల గుడి దిక్కు పోతే ఎంకే98 అని మార్చుకో, 18 డిగ్రీల అక్షాంశం నడుమనుంచి పోతది.

గడియారం సరిగ్గ ఉండాలె. 15 సెకన్ల వంతులల్ల ఒకరు పంపితే ఒకరు వింటరు. నెట్ లేని చోట ల్యాప్‌టాప్ టైమ్ తప్పుతది. తెరమీద డీటీ (టైమ్ తేడా) వరుస చూడు: అందరివీ ఒకే దిక్కు సెకను దాకా జరిగి కనబడుతున్నయంటే తప్పు వాళ్ళది కాదు, నీ గడియారానిది.

ఇగ అసలు మాట. జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ నుంచి రేడియోకు పోయే ఆడియో పెంచుడు ఎప్పటినుంచో కొత్తోళ్ళు చేసే తప్పు. నువ్వు చెయ్యకు. ఎఫ్‌టీ8ల ఒక్కసారికి ఒక్కటే స్వరం పోతది. ఆడియో మించితే ఆ స్వరం చెడి రెట్టింపు, మూడింతల దగ్గర ఇంకో సిగ్నల్ పుడతది. నువ్వు 600 హెర్ట్జ్ దగ్గర పంపుతే 1200, 1800 దగ్గర కూడా నువ్వే కనబడ్తవు, అక్కడ వినేటోళ్ళకు అడ్డం పడ్తవు. ఉన్న ఐదు వాట్లల కొంత ఆ చెత్తకే పోతది. యాంటెనా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను గాలిలకు పోనియ్యక మింగేది) పెట్టి, సాఫ్ట్‌వేర్‌ల ట్యూన్ నొక్కి, పవర్ స్లైడర్‌ను కిందినుంచి మెల్లగ పైకి జరుపు. పవర్ పెరుగుడు ఆగినకాడ ఆగి, ఏఎల్‌సీ గీత (ఆడియో మించిందని రేడియో మీటర్ల కనబడేది) పూర్తిగ పోయేదాక వెనక్కి తగ్గించు. ఐదు వాట్లు నాలుగైనా తేడా ఒక్క డెసిబెల్, అవతలోళ్ళకు తెల్వది. బ్యాండ్ మారినప్పుడల్ల మళ్ళ చూడు. సాఫ్ట్‌వేర్ సెట్టింగులల్ల స్ప్లిట్ దగ్గర ‘ఫేక్ ఇట్’ పెడితే, అదే రేడియో ఫ్రీక్వెన్సీని జరుపుకొని స్వరాన్ని 1500 నుంచి 2000 హెర్ట్జ్ నడుమనే ఉంచుతది. పుట్టే చెత్త 3000కు పైన పడి ఫిల్టర్‌ల ఆగుతది. పీఎస్‌కే31 అనే ఇంకో డిజిటల్ పద్ధతికి ఇంకా జాగ్రత్త కావాలె, దాంట్ల సిగ్నల్ బలం మారుతుంటది, జర మించినా పక్కలకు పరుచుకుంటది.

ప్రతి వంతుల దాదాపు 12.6 సెకన్లు నిండు పవర్ పోతది. ఎండల దాబా మీద చిన్న రేడియో కాలుతది, చెయ్యి పెట్టి చూస్తుండు. నాలుగు సెల్లుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఛార్జర్ మీద 14.6 వోల్టుల దాకా పోతది. నీ రేడియో ఎంతకు ఓర్చుకుంటదో పుస్తకంల చూసినంకనే తగిలియ్యి. పంపంగనే యూఎస్‌బీ తెగిపోయి రేడియో ప్రసారంలనే ఇరుక్కుంటే కేబుల్‌కు ఫెర్రైట్ (తీగలకు ఎక్కే రేడియో తరంగాలను ఆపే ముక్క) పెట్టు.

ఎఫ్‌టీ8ల ముచ్చట పెట్టరాదు. కాల్‌సైన్, గ్రిడ్, రిపోర్ట్ (సిగ్నల్ ఎంత బలంగ అందిందో), 73 (వీడ్కోలు), అంతే. మాట్లాడాలనిపిస్తే 7.078ల జేఎస్8కాల్ అనే ఇంకో పద్ధతి చూడు.

నా భయం యాంటెనా తీగ గురించి. 20 మీటర్ల బ్యాండ్ డైపోల్‌కు (నడుమనుంచి రెండు దిక్కుల పోయే యాంటెనా) ఒక్కో పక్క ఐదు మీటర్ల పైచిలుకు తీగ. రాయి కట్టి ఇసిరేటప్పుడు గానీ, గాలికి తెగి పడ్డప్పుడు గానీ అది కరెంటు లైన్ దాకా చేరేటట్టు ఉండొద్దు. మీ గల్లీల 11 కేవీ లైన్ ఎటు పోయిందో ముందు చూడు. ఉరుమినప్పుడు తీగ పీకుదామని దాబా ఎక్కకు. మబ్బు పడుతున్నప్పుడే పీకి కిందికి రా. పైలం బిడ్డా. తీగ కట్టే రోజు చెప్పు, నేనొచ్చి ఒక కొస పట్టుకుంట.

మీ పెదనాయన