మేత ఒకచోట, గాలం ఒకచోట పడుతున్నాయి

చేపల్ని రప్పించే మేతగా తవుడు, వేరుశనగ చెక్క ఉండలు వేసినా గంటసేపు బెండు (దారానికి కట్టి నీటిపై తేలేది) కదలలేదన్నారు కదా, ఎరది తప్పు కాదు. విసిరిన ప్రతిసారీ గాలం అయిదారు అడుగులు అటూ ఇటూ పడుతోంది. చేపలు మేత దగ్గరే ఉంటాయి.

1. ముందు దూరం తగ్గించండి. చేత్తో ఉండ కచ్చితంగా వేయగలిగినంత దూరమే గాలానికీ దూరం.

2. ఎదురు గట్టున కదలని గుర్తు, తాటిచెట్టో కరెంటు స్తంభమో పెట్టుకోండి. మేతా గాలమూ దాని సూటికే.

3. చాలామంది వదిలేసేది ఇదే. దిశ చూస్తారు, దూరం కొలవరు. గాలం సరైన చోట పడగానే రీల్ స్పూల్ (దారం చుట్టి ఉండే భాగం) మీద, దారం పైనుంచి రబ్బరు బ్యాండు వేయండి. మళ్లీ విసిరితే దారం అక్కడే ఆగుతుంది. ఆగేముందు రాడ్ నిలువుగా ఎత్తి, లాగుడు తగలగానే ముందుకు వంచండి. లేకపోతే ఎర ఊడిపోతుంది (నాకు తవుడు ముద్దలు ఎన్ని పోయాయో!). స్పూల్ క్లిప్పుకి దారం తగిలించి వదిలేయకండి, పెద్ద బొచ్చె చేప పరిగెడితే తెగుతుంది. బ్యాండు కింద నుంచైతే జారుతుంది.

4. ఉండ గాల్లోనే విడిపోతుంటే తడి చాలలేదు. కొద్దికొద్దిగా నీళ్లు చల్లి పది నిమిషాలు నాననివ్వండి.

5. ఎర్రమోసు చేప అడుగున మేస్తుంది. దానికైతే బెండు లోతు పెంచి, ఎర నేలకు ఆనేలా పెట్టండి.