ప్రావిన్స్ జట్టుకు రగ్బీ ఆడితే ఇల్లు గడుస్తుందా? మా ఇంట్లో చూసింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ: న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉంటున్నారు, పదహారేళ్ల అబ్బాయి స్కూల్ ఫస్ట్ ఫిఫ్టీన్‌కి, అంటే స్కూలు ప్రధాన రగ్బీ జట్టుకి ఎంపికయ్యాడు, పెద్దయ్యాక ప్రావిన్స్‌కి ఆడతానంటున్నాడు, అది నిజంగా కెరీర్ అనిపించుకుంటుందా, లేక చదువు చెడగొట్టుకోవడమా అని. నేను రగ్బీ ఆడినవాణ్ణి కాదండీ. మాది తెనాలి, చిన్నప్పుడు ఆటంటే మాకు క్రికెట్టే. కానీ ఇక్కడ సౌత్‌లాండ్ ప్రావిన్స్‌లోని ఇన్వర్కార్గిల్‌లో ఇల్లు కొన్న కొత్తలో లోను వాయిదాలకు కాస్త ఆసరాగా ఉంటుందని వెనక గది అద్దెకిస్తే, అందులో దిగిన కుర్రాడు తర్వాత సౌత్‌లాండ్ జట్టుకి హుకర్ అనే స్థానంలో ఆడాడు. నాలుగేళ్లు మాతోనే ఉన్నాడు. పేరు రాయను, ఇది చిన్న ఊరు. అతని సంతోషం, దెబ్బలు, డబ్బు లెక్కలు అన్నీ మా వంటింటి బల్ల దగ్గరే చూశాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కెరీరేనండీ. కాకపోతే ఏడాదిలో నాలుగు నెలల కెరీర్. జూలైలో ప్రాక్టీసు మొదలవుతుంది, అక్టోబర్‌కల్లా అయిపోతుంది. మిగతా ఎనిమిది నెలలకి చేతిలో ఇంకో పని ఉండాలి. ఈ సంగతి ముందే తెలిసి దిగినవాళ్లు బాగుంటారు, తెలియకుండా దిగినవాళ్లు ఇరవై ఆరేళ్లకే కుంగిపోతారు. రెండు రకాల వాళ్లనీ మా ఇంటికొచ్చే అతని స్నేహితుల్లో చూశాను.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆంధ్రకో హైదరాబాద్‌కో రంజీ ఆడటం లాంటి మెట్టు ఇది. దేశంలో 26 ప్రావిన్షియల్ యూనియన్లు, అంటే ప్రాంతాల వారీ రగ్బీ సంఘాలున్నాయి. అందులో 14 జట్లు ఎన్‌పీసీ (నేషనల్ ప్రావిన్షియల్ ఛాంపియన్‌షిప్) అనే పోటీలో ఆడతాయి, మీ హామిల్టన్ ఉన్న వైకాటో, మా సౌత్‌లాండ్ రెండూ అందులోవే. ఆ పోటీ 1976లో మొదలైంది. మిగతా 12 చిన్న యూనియన్లకి 2006 నుంచి హార్ట్‌లాండ్ ఛాంపియన్‌షిప్ అని వేరే ఉంది, అది అమెచ్యూర్ల పోటీ. ఎన్‌పీసీకి పైన వేరే దేశాల జట్లు కూడా ఆడే సూపర్ రగ్బీ, అందులో న్యూజిలాండ్‌వి ఐదే జట్లు. ఆ ఐదింటిలో వైకాటో కుర్రాళ్లు చీఫ్స్ వైపు చూస్తారు, మా వాళ్లు హైలాండర్స్ వైపు. ఆ పైన దేశం జట్టు, ఆల్ బ్లాక్స్. 14 జట్ల నుంచి ఐదుకి, ఐదు నుంచి ఒకటికి వచ్చేసరికి ఎంతమంది రాలిపోతారో మీరే లెక్కేసుకోండి. సూపర్ రగ్బీ కాంట్రాక్టు కూడా ఉన్నవాడికి ఏడాది పొడుగునా ఆటే ఉద్యోగం. ఎన్‌పీసీ ఒక్కటే ఉన్నవాడికి కాదు.

మా వాడు కంచెలు వేసే పని చేసేవాడు. గొర్రెల ఫారాలకి, డెయిరీ ఫారాలకి చెక్క స్తంభాలు పాతి తీగ లాగే పని. పొద్దున్న ఆరింటికి వెళ్లి నాలుగింటికి వచ్చేవాడు, వేళ్ల నిండా తీగ కోసిన గాట్లు. హుకర్ అంటే స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవాళ్లూ తలలు వంచి ఒకరినొకరు తోసుకునే చోట, ముందు వరసలో మధ్యన ఉండేవాడు మాత్రమే కాదు, బంతి గీత దాటి బయటికి పోయాక మళ్లీ లోపలికి వేసే లైనవుట్‌లో బంతి విసిరేది కూడా అతనే. రెండు వరసల మధ్య నుంచి సరిగ్గా, గాల్లోకి లేచినవాడి చేతుల్లోకి వెయ్యాలి. ఇన్వర్కార్గిల్ గాలి గురించి మీరు వినే ఉంటారు, దక్షిణం నుంచి ఒక్కసారి లేచిందంటే వీధిలో చెత్తడబ్బాలు దొర్లుతాయి. ఆ గాలిలో, మా గ్యారేజీ గోడ మీద బాగా ఎత్తున సుద్దముక్కతో ఒక గుండ్రం గీసుకుని, రోజూ సాయంత్రం యాభై సార్లు విసిరేవాడు. మా ఆవిడ లోపల కూర తాలింపు వేస్తుంటే బయట ధబ్, ధబ్ మని చప్పుడు. గుండ్రం పక్కకి తగిలితే ఆ ఒకటీ లెక్కలోకి రాదు. చీకటి పడితే ఫోన్ లైటు వెలిగించి కిటికీ అంచు మీద పెట్టేవాడు. ఇదంతా ఒక్క రూపాయి రాని రోజుల్లో, ఇంకా జట్టులో పేరే లేనప్పుడు.

అసలు పిలుపు ఎలా వస్తుందో చెబుతాను. శనివారాలు క్లబ్ ఆటలుంటాయి, ఇక్కడ వాటికి గాల్‌బ్రెయిత్ షీల్డ్ అని పేరు. సెలెక్టర్లు అక్కడ చూస్తారు. మొదట ఎవరికైనా దెబ్బ తగిలితే వచ్చి ఆడేవాడిగా పెట్టుకుంటారు. మా వాడు ఒక సీజనంతా అలాగే ప్రాక్టీసుకి మాత్రం వెళ్లి వచ్చాడు. రెండో ఏడాది ఒక గురువారం రాత్రి పప్పన్నం తింటుంటే ఫోన్ మోగింది. లేచి గదిలోకి వెళ్లాడు, రెండు నిమిషాల్లో వచ్చి మళ్లీ కూర్చున్నాడు, "శనివారం పదహారు నంబరు నాదే" అన్నాడు, తర్వాత అన్నం కలుపుతూనే ఉన్నాడు తప్ప ముద్ద నోట్లో పెట్టలేదు. పదహారు అంటే రిజర్వ్ హుకర్. అతని నాన్నది పడమటి వైపు గొర్రెల ఫారం, అప్పుడు ఈతల కాలం, రాత్రుళ్లు కూడా మందను వదిలి రావడానికి కుదరని రోజులు. అయినా పక్క ఫారం అతనికి అప్పజెప్పి, గంటకి పైగా కారు నడుపుకుంటూ ఆట జరిగే రగ్బీ పార్క్‌కి వచ్చాడు. కొడుకు ఆడింది చివరి పన్నెండు నిమిషాలు. మొదటి బంతి వంకరగా విసిరాడు, రెండోది సరిగ్గా పడింది. ఆ మొదటిదాని గురించి వారం రోజులు నిద్రపోలేదు. వాళ్ల నాన్న మాత్రం ఆట అయ్యాక మా ఇంటికొచ్చి టీ తాగి, ఏమీ మాట్లాడకుండా కొడుకు మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ఇంత తపన దేనికి అని నాకూ అనిపించేది. ఊళ్లోవాళ్ల మాటలు విన్నాక తెలిసింది. 2009 అక్టోబర్‌లో సౌత్‌లాండ్ జట్టు క్రైస్ట్‌చర్చ్ వెళ్లి కాంటర్‌బరీని 9-3తో ఓడించి, ప్రావిన్సుల మధ్య పోటీపడే రాన్‌ఫర్లీ షీల్డ్ తెచ్చింది. 1959 తర్వాత అదే మొదటిసారి, అంటే యాభై ఏళ్లు. ఆ షీల్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్ల ఊళ్లోనే దాని కోసం ఆట జరుగుతుంది, డ్రా అయినా ఉన్నవాళ్ల దగ్గరే ఉండిపోతుంది, వచ్చినవాళ్లు గెలిచి తీరాలి. నేనిక్కడికొచ్చింది చాలా ఏళ్ల తర్వాత, అయినా మంగలి షాపులో, నా ఆఫీసులో, ఆ రాత్రి తాము ఎక్కడున్నామో జనం నిమిషాలతో సహా చెబుతారు. ఆ జట్టు కెప్టెన్ జేమీ మెకింటాష్ ఆల్ బ్లాక్స్‌కి ఆడింది ఒకే ఒక్క టెస్టు (రగ్బీలో దేశాల మధ్య ఆటని అలా అంటారు). ఇక్కడ ఆయన్ని ఎవరూ "ఒక్క టెస్టు మనిషి" అనరు. లెస్టర్ రట్లెడ్జ్, ఆయన కొడుకు జేసన్ ఇద్దరూ ఈ జట్టుకే ఆడారు, ఆ ఇంటి పేరు చెబితే పెద్దవాళ్ల ముఖం వెలిగిపోతుంది. ప్రావిన్స్ జెర్సీ అంటే ఇదండీ. దీన్ని జీతంతో కొలిస్తే మీ అబ్బాయి ఏం కోరుకుంటున్నాడో మీకు అర్థం కాదు. 1995 ఆగస్టు వరకు రగ్బీ యూనియన్‌లో ఆటకి జీతం తీసుకోవడానికే వీల్లేదు. ఆల్ బ్లాక్స్‌కి 55 టెస్టులు ఆడిన కోలిన్ మీడ్స్ అంతటివాడు కింగ్ కంట్రీ అనే ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూనే ఆడాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎన్‌పీసీ డబ్బు ఆ నెలలకి సరిపోతుంది, కొంత మిగులుతుంది, దాంతో ఇల్లు కొనలేరు. బాగా ఆడితే జపాన్, ఫ్రాన్స్ క్లబ్బులు పిలుస్తాయి, అక్కడ డబ్బు బాగుంటుంది, చాలామంది వెళ్తారు. కాకపోతే ఆల్ బ్లాక్స్‌కి మామూలుగా ఇక్కడ ఆడుతున్నవాళ్లనే తీసుకుంటారు, కాబట్టి వెళ్తే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే.

ఇక తల్లిదండ్రులుగా మీరు భయపడాల్సింది దెబ్బల గురించి, ముఖ్యంగా తల గురించి. ఒకసారి మా వాడు క్లబ్ ఆటలో ట్యాకిల్ చేస్తూ, అంటే బంతితో వస్తున్నవాణ్ణి పట్టి పడేస్తూ తనూ పడ్డాడు, రిఫరీ నీలం కార్డు చూపించాడు. ఇక్కడ క్లబ్ ఆటల్లో ఆ కార్డుకి అర్థం, తలకి దెబ్బ తగిలిందని అనుమానం, వెంటనే బయటికి వెళ్లాలి, కనీసం మూడు వారాలు ఆట లేదు, తర్వాత కూడా డాక్టరు ఒప్పుకోవాలి. మూడు రోజులు కర్టెన్లు వేసుకుని పడుకున్నాడు. మా ఆవిడ చట్నీకి మిక్సీ వేస్తే రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తర్వాత అతను ఇంట్లో లేనప్పుడే మిక్సీ వేసేది. ఎన్‌పీసీ ఆశ ఉంది కదా అని రెండో వారానికే బాగానే ఉందనడం మొదలుపెట్టాడు. బాగాలేదని మాకు కనబడుతూనే ఉంది, మాట తడుముకునేవాడు. మీ అబ్బాయి కూడా రేపు అలాగే అంటాడు, నమ్మకండి. ఈ ఒక్క విషయంలో మెతకగా ఉండొద్దని చేతులెత్తి చెబుతున్నాను.

నాలుగో ఏడాది మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్, తొమ్మిది నెలలు. ఇక్కడ ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా ఉండబట్టి వైద్యం జరిగింది, రెండో వారం నుంచి సంపాదనలో 80 శాతం చేతికొచ్చింది. తిరిగొచ్చి క్లబ్‌కి ఆడాడు, ఒక రాత్రి మా బల్ల దగ్గరే కూర్చుని "ఇక ప్రావిన్స్‌కి ప్రయత్నించను" అన్నాడు. ఏడ్చాడు. కానీ సోమవారం పొద్దున్న పనికి వెళ్లగలిగాడు, ఎందుకంటే వెళ్లడానికి పని ఉంది. ఇప్పుడు సొంతంగా కంచెల కాంట్రాక్టులు తీసుకుంటున్నాడు, ఇద్దరు కుర్రాళ్లు అతని దగ్గర పనిచేస్తున్నారు. స్నేహితుల్లో ఇద్దరికి అలాంటి ఆధారం లేదు, ఆట ఆగాక రెండేళ్లు ఎటూ తోచకుండా గడిపారు.

కాబట్టి అబ్బాయిని ఆపకండి. ఆడనివ్వండి, దాంతోపాటు డిగ్రీయో, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్పో, ఆట నెలల్లో సర్దుబాటు చేసుకునే వీలున్నది ఏదైనా మొదలుపెట్టించండి. ఎన్‌పీసీ జట్లలో ఆటగాళ్ల చదువు, ఉద్యోగం సంగతి చూడటానికే పర్సనల్ డెవలప్‌మెంట్ మేనేజర్లు ఉంటారు. వైకాటో అకాడమీ దాకా వెళ్తే మొదట కలవాల్సింది కోచ్‌ని కాదు, వాళ్లని. ఇంట్లో తిండి గురించి కంగారు పడకండి, మా వాడు నాలుగేళ్లు ముద్దపప్పు, గుడ్లు, కోడికూర తినే నూట ఆరు కిలోలుండేవాడు.

అబ్బాయి ఏ పొజిషన్‌లో ఆడతాడో మీరు రాయలేదు. ఫ్రంట్ రో, అంటే స్క్రమ్ ముందు వరస అయితే ఈ వయసులో మెడ బలానికి చేయించాల్సిన వ్యాయామాలున్నాయి. మా వాడు ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు, అడిగి ఇక్కడే రాస్తాను.