మీ అమ్మ కంటి ఆపరేషన్‌కు ముందు

అమ్మలూ,

మీ అమ్మకు శుక్లం ఆపరేషన్ చేయించాలని నువ్వే డాక్టర్‌తో మాట్లాడి, ఆఫీసులో సెలవు కూడా అడిగావట. చిన్నప్పుడు కంట్లో చుక్కలు వేస్తామంటే మంచం కింద దూరేదానివి, ఇప్పుడు అమ్మ కళ్ల బాధ్యత నెత్తికెత్తుకున్నావు. గర్వంగానే ఉందే. కానీ టెన్షన్ కూడా పట్టుకుంది. దానికున్నది ఒక్క శుక్లమే కాదు, మాక్యులా జబ్బు కూడా ఉంది. ఆ రెండూ ఉన్న కళ్లతో మీ పెదనాన్న ఎన్ని పాట్లు పడ్డారో పక్కనుండి చూసినదాన్ని.

డాక్టర్‌ను ముందుగా ఒకటే అడుగు. ఇప్పుడున్న మసకలో శుక్లం వల్ల ఎంత, మాక్యులా వల్ల ఎంత? శుక్లమంటే కంటి ముందు భాగంలోని లెన్స్ మసకబారడం. దాన్ని తీసేసి కొత్తది పెడతారు. మాక్యులా కంటి వెనకాల తెరలా ఉండే రెటీనాకు నడిమధ్యన ఉంటుంది. చదవాలన్నా, ఎదుటివాళ్ల ముఖం పోల్చుకోవాలన్నా అదే దిక్కు, దాన్ని మార్చే వీల్లేదు. ఆపరేషన్ తర్వాత వెలుతురు పెరుగుతుంది, రంగులు తేటపడతాయి, గడప దాటేటప్పుడు తడుముకోవడం తగ్గుతుంది. కానీ మాక్యులా వల్ల చూపు మధ్యలో వచ్చిన మచ్చ ఆపరేషన్‌తో పోదు. ఈ సంగతి మీ అమ్మ ఎదురుగానే, డాక్టర్ నోటితోనే, ముందే చెప్పించు. తర్వాత చెబితే సాకు చెబుతున్నారనుకుంటుంది. దాని సంగతి నాకు తెలియదా!

రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీయించకుండా తేదీ ఖాయం చేసుకోకు. మాక్యులా జబ్బులో పొడి, తడి అని రెండు రకాలు. తడి రకమని తేలి, లోపల పనికిమాలిన కొత్త రక్తనాళాలు పుట్టి కారుతుంటే, ముందు కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చి వాటిని అదుపులోకి తెస్తారు. శుక్లం సంగతి ఆ తర్వాతే.

కత్తి పెడితే మాక్యులా ఇంకా పాడవుతుందని మీ అమ్మను ఎవరో బెదరగొట్టారట కదా. ఒకప్పుడు డాక్టర్లకే ఆ అనుమానం ఉండేది. అమెరికాలో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన ఏఆర్‌ఈడీఎస్ అనే అధ్యయనం, అలా ముదురుతుందనడానికి స్పష్టమైన ఆధారం కనబడలేదని 2009లో చెప్పింది. ఆ మాట మీ అమ్మకు నెమ్మదిగా చెప్పు, వాదించకు.

లెన్స్ విషయంలో మాత్రం నిన్ను తిట్టాలి. దగ్గరా దూరమూ రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్స్ వేయిద్దామన్నావట, అమ్మకు అన్నిటికన్నా మంచిది ఇవ్వాలని. నీ ప్రేమ నాకు తెలుసు కానీ అమ్మలూ, ఆ లెన్స్ లోపలికొచ్చే వెలుతురును రెండు మూడు వాటాలు చేస్తుంది. మాక్యులా దెబ్బతిన్న కంటికి అసలే తెలుపు నలుపుల తేడా సరిగ్గా అందదు, ఉన్న వెలుతురునూ పంచేస్తే దానికి మిగిలేదేమిటి? ఇలాంటి కళ్లకు ఒకే దూరానికి చూపునిచ్చే మామూలు మోనోఫోకల్ లెన్సే మేలంటారు. దగ్గరచూపుకు కళ్లజోడు పెట్టుకుంటే ఏమవుతుంది? నీ మనసులో మాట డాక్టర్‌తో చెప్పు, ఖరీదు చూసి మాత్రం నిర్ణయించకు.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి. నువ్వు హాస్టల్లో ఉన్న రోజులు, నీకెవరూ వివరంగా చెప్పి ఉండరు.

ఆయన ఆపరేషన్ చక్కగా జరిగింది. గోడ రంగు ఇంత తెల్లగా ఉందా అని ఆశ్చర్యపోయారు. కొన్ని నెలలు గడిచాక ఒక రోజు తలుపు చట్రం ముందు నిలబడి, వడ్రంగి దీన్ని వంకరగా బిగించాడన్నారు. ఇల్లు కట్టినప్పటి నుంచీ తిన్నగా ఉన్న చట్రం అది! మేమంతా నవ్వాం, ఆయనా నవ్వేశారు. తర్వాత పేపర్లో వరసలు అలల్లా కదులుతున్నాయని జోడు మార్పించారు. కొత్త జోడూ కుదరలేదని మళ్లీ మార్పించారు. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి ఇక కంటికి ఢోకా లేదని ఆయన లెక్క. ఒక కన్ను మూసి చూస్తే గీతలు వంగుతున్నాయన్న మాట ఎవరికీ చెప్పలేదు. జోడు నంబరు కుదరలేదని మాత్రమే అనేవారు. దుకాణంలో మనిషి నంబరు చూశాడు, అతను చూడగలిగింది అదే కదా.

పొడి రకం మధ్యలో తడి రకంగా మారింది. రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి మాక్యులా మీద మచ్చ కట్టేసింది. ఇంజెక్షన్లు కారడాన్ని ఆపగలవు కానీ కట్టిన మచ్చను చెరపలేవు. ఆ కంటితో ఆయన మళ్లీ చదవలేదు. గీతలు వంగిన మొదటి వారంలోనే వెళ్లి ఉంటే అంటూ ఆయనే చాలాసార్లు అనుకునేవారు. నేను మాట మార్చేసేదాన్ని. ఇంకేం చేయను?

అందుకే ఈ ఒక్కటీ నా కోసం చెయ్యి. నడిమధ్య చుక్క, చుట్టూ గళ్లు ఉండే ఆమ్‌స్లర్ కాగితం డాక్టర్ దగ్గర అడిగి తీసుకో. దగ్గరచూపు జోడు పెట్టించి, ఒక కన్ను మూయించి, చుక్కనే చూడమను. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే లాభం లేదు, బాగున్న కన్ను చెడ్డదాని తప్పును దాచేస్తుంది. గీత వంగినా, ఎక్కడైనా గడి మాయమైనా జోడు కోసం పరిగెత్తొద్దు, రెటీనా డాక్టర్ దగ్గరికే. మీ అమ్మ కూడా ఆయన లాగే చిన్న విషయాలు చెప్పదు. నువ్వే అడగాలి.

మిగతావి నీకు తెలిసినవే. చుక్కల మందు వేసే ముందు చేతులు కడుక్కో, కన్ను నలపనివ్వకు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు. నొప్పి, ఎర్రదనం పెరిగినా, చూపు ఒక్కసారిగా తగ్గినా తెల్లారేదాకా ఆగకు. మాక్యులాకు ఇచ్చిన విటమిన్, జింక్ మాత్రలు ఆపరేషన్ అయిందని ఆపేయించకు, వాటి పని వేరు. కొత్త జోడు కన్ను కుదుటపడ్డాకే, అంటే నెల, నెలన్నర తర్వాత.

తేదీ ఖాయం కాగానే చెప్పు, వస్తాను. పగలు చుక్కలు నేను వేస్తాను, రాత్రివి నీ వంతు. స్కాన్ రిపోర్టు మాత్రం ముందే పంపించు.

మీ పెద్దమ్మ