అమెరికాలో బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్న మొదటి నల్లజాతి మనిషి రోసా పార్క్సేనా?

కాదు, అలబామాలోని మాంట్‌గోమరీలో పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయి సీటు ఇవ్వనని అరెస్టయింది.

పేరు పార్క్స్‌కే రావడానికి కారణం, నల్లవాళ్ల హక్కుల ఉద్యమ నాయకులకు కోర్టులోనూ పత్రికల ముందూ వేలెత్తి చూపించుకోని మనిషి కావాలి. పార్క్స్ వయసు 42, పెళ్లయింది, కుట్టుపని చేసేది, స్థానిక పౌర హక్కుల సంఘం కార్యదర్శి. కాల్విన్ టీనేజర్, పేదింటి పిల్ల. తన ఒంటి నలుపు కూడా ఒక కారణమేనని ఆమే తర్వాత చెప్పింది. అయితే అంతా ఇమేజ్ గొడవే అనుకోకూడదు. అప్పీలులో కాల్విన్‌పై వేర్పాటు చట్టం (బస్సుల్లో నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే చట్టం) కింద పెట్టిన అభియోగాన్ని కొట్టేసి, పోలీసుపై దాడి అభియోగాన్నే ఉంచారు. ఇక ఆ కేసుతో చట్టాన్ని సవాలు చేయడం కష్టం.

అరెస్టయ్యేనాటికే కాల్విన్ గర్భవతి, అందుకే పక్కనపెట్టారని చాలామంది అనుకుంటారు. అది తప్పు, ఆమె గర్భవతి అయింది ఆ తర్వాతే. పార్క్స్ కాళ్ల నొప్పులతో లేవలేదన్నదీ అలాంటి కథే. తాను అలసిపోయింది లొంగి లొంగి మాత్రమేనని ఆమె స్వయంగా చెప్పింది.

చివరికి 1956లో మాంట్‌గోమరీ బస్సుల్లో వేర్పాటును రద్దు చేయించిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో నలుగురు వాదుల్లో కాల్విన్ ఉంది, పార్క్స్ లేదు.