బావగారి అద్దె ఇల్లు, వీధంతా గొడవ

సమస్య: మేం టెక్సాస్‌లో, డెంటన్ కౌంటీలో ఉంటాం. 2022 వేసవిలో ఇల్లు కొన్నాం. మరుసటి ఏడాది మా ఆడపడుచు వాళ్ళు ఇన్వెస్ట్‌మెంట్ కోసమని మాకు నాలుగిళ్ళ అవతలే ఒక ఇల్లు తీసుకున్నారు. వాళ్ళుండేది ఫ్రిస్కోలో. మొన్న మార్చిలో ఆ ఇంటిని మాకు మాటమాత్రం చెప్పకుండా సెక్షన్ ఎయిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం అద్దెలో కొంత కట్టే పథకం) ఫ్యామిలీకి అద్దెకిచ్చారు. ఒకావిడ, ముగ్గురు పిల్లలు. అప్పట్నుంచి మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గోల. ఇళ్ళ రేట్లు పడిపోతాయట. "మీ బావగారి పుణ్యమే కదా" అని మావారిని దెప్పుతున్నారు. ఇలాంటి అద్దెలు ఆపమని హెచ్‌ఓఏకి, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి, అర్జీ రాసి, మొదటి సంతకం ఆయన్నే పెట్టమంటున్నారు. ఆ పిల్లలు డోర్‌బెల్ కెమెరాలో కనబడితే చాలు, ఆయన ఆ క్లిప్పులు గ్రూపులో పెడుతున్నారు. మా తొమ్మిదేళ్ళ బాబుని ఆ ఇంటి పిల్లాడితో బాస్కెట్‌బాల్ ఆడొద్దన్నారు. అన్నయ్యగారితో ఫోన్లో మాటా మాటా పెరిగి రెండు నెలలుగా రెండిళ్ళకీ మాటల్లేవు. మావారిది ఇంకా హెచ్‌వన్‌బీ వీసానే, ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. వచ్చే నెల గుంటూరు నుంచి అత్తగారు వస్తున్నారు. ఏం చేయను? ఆవిడ, అదే ఆ అద్దెకున్నావిడ, పొద్దున్నే నైట్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే పిల్లల్ని స్కూల్ బస్సెక్కిస్తుంది. ఎందుకో ఇది కూడా రాయాలనిపించింది.
- ఒక సోదరి

సలహా: అమ్మా, ఆ చివరి వాక్యం దగ్గర నేనూ ఆగిపోయాను. బస్సెక్కించే ఆ దృశ్యం మీ కెమెరాలోనూ పడే ఉంటుంది. ఆ క్లిప్పు మాత్రం గ్రూపులోకి వెళ్ళి ఉండదు.

అలాగని మీవారిని దుర్మార్గుల్లో జమకట్టడం లేదు. ఉద్యోగం పోతే హెచ్‌వన్‌బీ మనిషికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే? ఇల్లు అమ్మాల్సి వస్తే? అమ్మినా లోను తీరకపోతే? ఇది రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని లెక్క. మీతో కూడా అనలేకపోతున్నారేమో. దాని బదులు నాలుగిళ్ళ అవతలున్న మనిషి మీద కోప్పడటం తేలిక. మీరు కొన్నది ధరలు నెత్తికెక్కిన వేసవిలో. 2021లో 3 శాతానికి అటూ ఇటూగా దొరికిన ఇంటి లోను 2022 అక్టోబరుకల్లా 7 దాటింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. మీ ఇంటి రేటు తగ్గిందీ అంటే, ఆవిడ సామాను దిగకముందే తగ్గడం మొదలైంది.

కాబట్టి ఆయన దగ్గర ఆ కుటుంబం ప్రస్తావన తేకండి. బాబు పడుకున్నాక కాగితం తీసుకుని కూర్చోండి. లోను ఇంకా ఎంతుంది, ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది, దాచిన డబ్బు ఎన్ని నెలలొస్తుంది, తప్పదంటే ఇంటిని మనమే అద్దెకిచ్చి వెళ్ళగలమా. అంకెలు కంటి ముందుంటే గ్రూపులో గోల కొంత తగ్గుతుందని నా అనుభవం.

అర్జీ సంగతి. మీ కౌంటీలోనే ప్రావిడెన్స్ విలేజ్‌లో 2022లో హెచ్‌ఓఏ ఇలాంటి నిషేధమే పెట్టింది, పెద్ద రభసయింది. ఆ తర్వాత టెక్సాస్ చట్టసభే కలగజేసుకుంది. 2023 సెప్టెంబరు 1 నుంచి, సెక్షన్ ఎయిట్ వోచర్‌తో అద్దె కడతారన్న కారణం చూపి హెచ్‌ఓఏలు ఇల్లు అద్దెకివ్వకుండా అడ్డుకోకూడదు. అంటే మీవారు చేయబోయే సంతకం చెల్లదు, చెడ్డపేరు మాత్రం మిగులుతుంది. క్లిప్పులు మాత్రం ఇవాళే ఆపించండి. రంగు, జాతి చూసి పొరుగువాళ్ళని వేధించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద నేరుగా కోర్టుకెక్కే వ్యవహారం. మీ గ్రూపులో ఎవరేం రాస్తున్నారో మీరు చెప్పలేదు. నేను ఊహించగలను. అవన్నీ రేపు సాక్ష్యాలే. వీసా మీదున్న మనిషికి ఈ తలనొప్పి అవసరమా?

ఇంతకీ ఆ వోచర్ అంటే ఏమిటో గ్రూపులో ఎంతమందికి తెలుసు? సెక్షన్ ఎయిట్ పథకం 1974 చట్టంతో వచ్చింది. ఆవిడ తన ఆదాయంలో సుమారు 30 శాతం కడుతుంది, మిగతాది హౌసింగ్ అథారిటీ నేరుగా మీ అన్నయ్యగారికి పంపుతుంది. దిగేముందు ఇంటికి ఇన్‌స్పెక్షన్ కూడా ఉంటుంది. ఆ వోచర్ కోసం చాలాచోట్ల ఏళ్ళ తరబడి వెయిటింగ్. లీజు షరతులు గట్టిగా మీరితే వోచరే పోవచ్చు. మీ వీధిలో గొడవలంటే అందరికంటే ఎక్కువ భయపడాల్సింది ఆవిడే.

హైదరాబాద్‌లో ఇళ్ళు వెతుక్కున్న రోజులు మీ గ్రూపులో ఒక్కరికీ గుర్తు లేవా? "బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు", "వెజిటేరియన్స్ ఓన్లీ". బోర్డు లేకపోతే గుమ్మంలోనే "మీరేవిట్లు?" అని అడిగేవారు. సరే, వదిలేద్దాం.

అన్నయ్యగారి తప్పు లేదా అంటే, ఉంది. ఎవరికి ఇవ్వాలన్నది ఆయనిష్టం. కానీ బావమరిది ఉన్న వీధిలో ఇల్లు పెట్టుకుని ఒక్క ఫోన్ చేయకపోవడం ఏం మర్యాద? మీవారు ఆ కబురు గ్రూపులో నలుగురి నోటా విన్నారు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. దానికాయన "చెప్పాల్సింది, పొరపాటైంది" అంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇంకోటి, అద్దె తీసుకుంటున్నందుకు ఆ ఇంటి బాధ్యతా ఆయనదే. గడ్డి పెరిగినా, చెత్త డబ్బా రోడ్డు మీదే ఉండిపోయినా, కారు అడ్డంగా పెట్టినా నేరుగా తనకే చెప్పమని వీధివాళ్ళకి తన నంబరివ్వాలి. మిగతా ఇళ్ళకి ఏ రూలుంటే దీనికీ అదే, ఒక్కటి ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

బాబు విషయంలో మాత్రం మీవారి మాటకి ఒప్పుకోకండి. ఈ ఒక్కచోట గట్టిగా నిలబడండి. రేపు స్కూల్లో "మీ డాడీ నాతో ఎందుకు ఆడొద్దన్నాడు?" అని ఆ పిల్లాడు అడిగితే మీవాడు ఏం చెబుతాడు? ఆట మీ డ్రైవ్‌వేలోనే పెట్టించండి, మీ కళ్ళ ముందే ఉంటుంది. మీవారు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెమటలు కారుతూ కనబడతారు. రెండు రోజులు ముఖం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

అత్తగారి దగ్గర దాచకండి. కొడుకూ కూతురూ మాట్లాడుకోవడం లేదని ఆవిడకి ఎయిర్‌పోర్టులోనే తెలిసిపోతుంది, తీసుకెళ్ళడానికి ఒక్క కారే వస్తే. అంచేత ఆవిడ రాకముందే మీ ఆడపడుచుకి ఫోన్ చేయండి. గ్రూపు ఊసెత్తకండి, అద్దె ఊసూ వద్దు. "వదినా, అత్తయ్యని తీసుకురావడానికి అందరం కలిసి వెళ్దాం. అంతకుముందు అన్నయ్యని ఒకసారి మీ తమ్ముడికి ఫోన్ చేయమను" అనండి, అంతే. శనివారం పొద్దున్న, పిల్లల్ని క్లాసులో దింపి ఆవిడ కారులో ఖాళీగా కూర్చునే టైం చూసుకుని చేయండి.