పక్కింటాయన సంగతి తర్వాత, ముందు మీవారిని చూడండి

ప్రశ్న: ఫ్రిస్కో (టెక్సస్)లో ఉంటాం, సిటిజన్‌షిప్ ఉంది. మావారు పక్కింటి అమెరికన్‌తో షూటింగ్ రేంజ్‌కి అలవాటుపడి, నాకు చెప్పకుండా 9 ఎంఎం పిస్టల్ కొని అలమరా పై అరలో పెట్టారు. బాబుకి తొమ్మిదేళ్లు. నాలుగు నెలల క్రితం ఆయన ఉద్యోగం పోయింది, అప్పట్నుంచీ నిద్రపోరు, మాట్లాడరు. పిస్టల్ మా తమ్ముడికి (హెచ్-1బి) ఇచ్చేద్దామనుకుంటున్నా. వీళ్లకి తుపాకుల పిచ్చి ఎందుకు? పక్కింటాయన స్నేహం ఎలా మాన్పించాలి?

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా. మీరు పిచ్చి అంటున్నది వాళ్లకి హక్కు. 1791లో రెండో సవరణగా రాజ్యాంగంలోకి ఎక్కింది. ఆత్మరక్షణకి ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరికి దూరంగా బతికేవాడికి షెరిఫ్ (అక్కడి పోలీసు అధికారి) వచ్చేలోపు తనకి తనే దిక్కు. నాయనమ్మ కాసులపేరు మన ఇళ్లలో మనవరాలికొచ్చినట్టు, తాత జింకలవేటకి వాడిన రైఫిల్ అక్కడ మనవడికొస్తుంది. కలెక్టరాఫీసు లైసెన్స్ లేనిదే తుపాకీ ముట్టుకోని చోటునుంచి వెళ్లాం కాబట్టి మనకది వింతే. పక్కింటాయన్ని మాత్రం తప్పుపట్టకండి.

నాకు భయం వేసింది మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతికి. ఉద్యోగం లేదు, నిద్ర లేదు, మాట లేదు, ఇంట్లోకి రహస్యంగా పిస్టల్ వచ్చింది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన 48,830 మందిలో 26,328 మంది తమని తామే కాల్చుకున్నవాళ్లు. మగాడు, తనే సర్దుకుంటాడులే అని నాలుగు నెలలు ఊరుకోవడం ఓర్పు కాదు. మీకు చెప్పకుండా కొనడం ఆయన తప్పే, ఆ నిలదీత తర్వాత. ఈ రాత్రే బాబు పడుకున్నాక "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునన్నా, జవాబివ్వకపోయినా పక్కనే కూర్చుని 988కి (ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లకి సాయంచేసే అమెరికా హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి.

పిస్టల్ కొన్నాళ్లు ఇల్లు దాటాలి. తమ్ముడికి మాత్రం వద్దు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా హెచ్-1బి మీదున్నవాళ్లు తుపాకీ ఉంచుకుంటే ఫెడరల్ నేరం. మీరు దూరం పెట్టాలనుకుంటున్న పక్కింటాయన్నే దాచమని అడగండి, ఖాళీ కూడా ఆయన్నే చేయమనండి. గొట్టం మనుషులకేసి ఉండకూడదు, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. ముందు మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీయాలి, తర్వాత స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) రెండుమూడుసార్లు లాగి, వెనక్కి నిలిపి, ఛాంబర్‌ని (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కంటితో చూసి వేలితో తడమాలి. వరస తప్పి ముందే స్లైడ్ లాగితే మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. మ్యాగజైన్ తీశాం కదా అని వదిలేస్తే ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. ఖాళీదే అనుకున్న తుపాకీ పేలేది ఆ ఒక్కదానితోనే.

ఆయన కుదుటపడ్డాక తిరిగి తేవాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. తెస్తే, గోడకి బోల్టులతో బిగించిన స్టీలు పెట్టెలో పెట్టండి, తూటాలకి వేరే తాళం. 17 ఏళ్లలోపు పిల్లల చేతికందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. పెట్టె తాళానికి కోడ్‌గా బాబు పుట్టినరోజు పెట్టకండి, వాడు ముందు నొక్కేది అదే.