మాటలో మోత, ముఖంలో నలుపు

ప్రశ్న: పదో తరగతి లెక్కల పాఠాలు ఫోన్లో తీసి యూట్యూబులో పెడుతున్నాను. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా వస్తోంది. మాటేమో బావిలోంచి వచ్చినట్టు మోగుతోంది. ఇంట్లోవాళ్లు కొత్త ఫోన్ కొనమంటున్నారు. కొనాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు

జవాబు: వద్దండీ. ఈ రెండూ ఫోన్ తప్పులు కావు.

ముందు మాట సంగతి చూద్దాం. బొమ్మ కాస్త మసకబారినా పిల్లలు సర్దుకుంటారు, మాట తెలియకపోతే పాఠమే వదిలేస్తారు. కింద కడప బండలు, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు. మన ఇళ్లలో శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువులు తక్కువ. ఫోన్ 5 అడుగుల దూరంలో ఉంటే నోటి నుంచి నేరుగా వచ్చే మాటతో పాటు గోడలకు తగిలి తిరిగొచ్చేదీ దానికి గట్టిగానే అందుతుంది. అందుకే బట్టకు తగిలించుకునే చిన్న కాలర్ మైకు కావాలి. గడ్డానికి జానెడు కింద, కొంగు రాసుకోని చోట పెట్టుకోండి. తగిలించాక మైకును గోటితో గీకండి. ఆ గరగర రికార్డింగులో పెద్దగా వినపడకపోతే ఫోన్ ఇంకా తన సొంత మైకుతోనే తీసుకుంటోందని అర్థం. కొన్ని ఫోన్లలో కెమెరా యాప్ బయటి మైకును పట్టించుకోదు, అప్పుడు యాప్ మార్చాల్సిందే.

కింద బొంతలు పరచండి. మీకు ఎదురుగా, ఫోన్ వెనక గోడకు మరో మందపాటి బొంత వేలాడదీయండి. పల్చటి కర్టెన్లతో పని జరగదు. ఫ్యాను ఆపక తప్పదు కాబట్టి ఎండాకాలంలో పొద్దున్నే ముగించుకోండి, ఫోన్ కూడా వేడెక్కి మధ్యలో ఆగదు.

ఇక ముఖం. వెనక కిటికీ వెలుగుకు కెమెరా మొత్తం బొమ్మ వెలుగునే తగ్గించేస్తోంది. కిటికీ మీకు ఎదురుగా, కొంచెం పక్కకు ఉండేలా తిరిగి కూర్చోండి. ఎండ నేరుగా పడితే తెల్ల పంచె అడ్డం కట్టండి. తెర మీద మీ ముఖాన్ని నొక్కిపట్టి వెలుగు లాక్ చేయండి, లేదంటే తెల్ల కాగితం ఎత్తి చూపిన ప్రతిసారీ ముఖం నల్లబడుతుంది. ట్యూబ్‌లైటు కింద వీడియోలో చారలు పాకితే ప్రో మోడ్‌లో (కెమెరా అమరికలు మనమే మార్చుకునే చోట) షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, షట్టర్ దానికి కలిస్తే చారలు రావు.

వెనక కెమెరానే వాడండి, లెన్సు కళ్ల ఎత్తులో ఉండాలి. పాఠం మొదలెట్టే ముందు అర నిమిషం తీసి ఇయర్‌ఫోన్లలో వినండి. ఫోన్ స్పీకర్లో మోత సరిగ్గా తెలియదు.